మాకూ ఒక వివాదాస్పద ఈత కోచ్ కావాలి

అయ్యా, క్రీడాధికారులారా! జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల ప్రజల తరఫున ఒకే ఒక్క మనవి. మెడికల్ కాలేజీలు ఇచ్చారు, సంతోషం. కొత్త కలెక్టరేట్లు కట్టారు, ప్రతి సోమవారం ప్రజావాణికి వచ్చి మెట్లెక్కి దిగుతున్నాం. ఇక మాకు కొరవడింది ఒక్కటే. దయచేసి ఒక వివాదాస్పద ఈత కోచ్‌ను మంజూరు చేయండి.

ఎకసెక్కం అనుకోకండి. లోకంలో పేరున్న పట్టణాలన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటివాణ్ని ఒకణ్ని కన్నాయి. కుర్రతనంలో ఈది పతకం తెస్తాడు. పతకం చూసి ఉద్యోగమిస్తారు. ఉద్యోగం చూసి పిల్లల్ని అప్పజెబుతారు. ఆ తర్వాత ఆయన ఏం చేస్తున్నాడని ఎవరైనా అడగబోతే పతకం చూపిస్తారు. ఏళ్లు గడిచాక ఒక ఆడపిల్ల నోరు విప్పుతుంది. అప్పుడు ఊరు రెండుగా చీలుతుంది. "దేశానికి ఎంత పేరు తెచ్చాడండీ" అని ఒక జట్టు, "ఎంత మందిని ఏడిపించాడండీ" అని ఒక జట్టు. టీవీల్లో చర్చ. పత్రికల్లో ఆయన జీవితం రెండు ముక్కలుగా: ఒక పేజీలో ఘనత, మరో పేజీలో కేసు. దీన్నే మర్యాదగా "వారసత్వం మీద భిన్నాభిప్రాయాలు" అంటారు.

మాకు ఆ యోగం పట్టలేదు. 2016 అక్టోబర్ 11న ఉమ్మడి వరంగల్‌ను పంచి మమ్మల్ని జిల్లాలు చేసినప్పుడు కలెక్టర్ వచ్చాడు, ఎస్పీ వచ్చాడు, యువజన క్రీడల అధికారికి కుర్చీ కూడా వచ్చింది. పోటీ ఈతకు కొలను మాత్రం రాలేదు. కొలను లేకపోతే ఈతగాడు లేడు. ఈతగాడు లేకపోతే పతకం లేదు, పతకం లేకపోతే కోచ్ లేడు, కోచ్ లేనిదే వివాదం ఎక్కణ్నుంచి పుట్టుకొస్తుంది? కీచకుడికైనా ముందు విరాటుడి కొలువు ఉండాలి గదా.

కొలను అంటే మామూలు సంగతా? అంతర్జాతీయ కొలత ప్రకారం 50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు. లోతు 2 మీటర్లే పెట్టుకున్నా నిండడానికి 25 లక్షల లీటర్ల నీళ్లు పడతాయి. మిషన్ భగీరథ లెక్కన పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్లు. అంటే ఒక్క కొలను నింపితే పాతిక వేల మంది ఒకరోజు దాహం, స్నానం, వంట అందులో పోసినట్టే. గోదావరి నీళ్లను దేవాదుల నుంచి మెట్టలకు మెట్టలు ఎక్కించి తెస్తే తప్ప తడవని జనగామ గడ్డ మీద ఆ మాట ఎత్తితే రైతు కర్ర పట్టుకుంటాడు. పట్టుకోవాలి కూడా. కాబట్టి ఈత మీద మోజున్న పిల్లాడు హనుమకొండకో హైదరాబాద్‌కో బస్సెక్కాలి. 2002 జాతీయ క్రీడల కోసం, 2003 ఆఫ్రో ఏషియన్ క్రీడల కోసం గచ్చిబౌలిలో కట్టిన కొలను ఉంది. జనగామ నుంచి పొద్దున ప్యాసింజర్ అందుకుని, సికింద్రాబాద్‌లో దిగి, బస్సులు మారి అక్కడికి చేరేసరికి మన ఛాంపియన్ ఈదాల్సినదంతా జనంలోనే ఈదేసి ఉంటాడు.

సరే, కోచ్ అంటే ఎలాంటివాడు కావాలో నమూనాలు చూపించమంటారేమో. బోలెడు.

ప్రశాంత కర్మాకర్‌ను తీసుకోండి. కోల్‌కతా మనిషి. ఒక చెయ్యి సగానికి లేకపోయినా 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో దివ్యాంగుల 50 మీటర్ల ఫ్రీస్టైల్‌లో కాంస్యం గెలిచాడు. కామన్వెల్త్ క్రీడల్లో ఈతకు పతకం తెచ్చిన మొదటి భారతీయుడు. 2011లో అర్జున అవార్డు. 2016 రియో పారాలింపిక్స్‌కు మన ఈత జట్టు కోచ్. ఇంతవరకు పాఠ్యపుస్తకంలో పెట్టదగ్గ జీవితం. 2017లో జైపూర్‌లో జాతీయ పారా ఈత పోటీలు జరిగాయి. అక్కడ ఈదుతున్న ఆడపిల్లల వీడియోలు తీయించాడని భారత పారాలింపిక్ కమిటీ తేల్చి, 2018 ఫిబ్రవరిలో మూడేళ్లు సస్పెండ్ చేసింది. ఏడాది పట్టిన ఆ కదలికే మన దేశంలో మెరుపు వేగం. ఇప్పుడు చెప్పండి, ఆయన్ను ఏ పేజీలో వేస్తారు? ఒంటిచేత్తో నీళ్లను చీల్చినవాడన్న పేజీలోనా, జైపూర్ పేజీలోనా? రెండూ నిజాలే. అలాంటి చిక్కు ప్రశ్న వేసుకునే హోదా మా జిల్లాలకు ఎప్పుడొస్తుందో.

ఇంకాస్త పెద్ద పేరు కావాలంటే ఖజాన్ సింగ్. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో 200 మీటర్ల బటర్‌ఫ్లైలో రజతం. 1951 ఢిల్లీ తర్వాత ఆసియా క్రీడల ఈతలో మనకు దక్కిన మొదటి పతకం అది. దాని తర్వాత మళ్లీ 2010 గ్వాంగ్జౌలో వీర్‌ధవల్ ఖాడే కాంస్యం తెచ్చేదాకా నోట్లో వేలు పెట్టుకుని కూర్చున్నాం. ముందు 35 ఏళ్లు, వెనక 24 ఏళ్లు, నడుమ ఒకే ఒక్కడు. అంత కరువులో పతకం తెచ్చినవాడు మనిషిగా మిగలడు, దేవుడవుతాడు. దేవుడి మీద ఫిర్యాదు రాసుకునే పోలీసు స్టేషన్ ఏ ఊళ్లో ఉంటుంది? ఆయన సీఆర్పీఎఫ్‌లో డీఐజీ అయ్యాడు, ఆ దళానికి ముఖ్య క్రీడాధికారి అయ్యాడు. 2020 డిసెంబరులో ఒక మహిళా కానిస్టేబుల్ ధైర్యం చేసి లైంగిక వేధింపుల మీద ఢిల్లీలో కేసు పెట్టింది. అంతా అబద్ధమని ఆయన అన్నాడు. దళం తన లోపలి విచారణ తాను జరుపుకుని, తప్పుందని తేల్చి, 2024లో ఉద్యోగం నుంచి తీసేస్తామని నోటీసు ఇచ్చింది. ఆ నడుమ మూడేళ్లకు పైగా ఆ కానిస్టేబుల్ ఏ మొహాల మధ్య డ్యూటీ చేసిందో ఏ క్రీడా పేజీ కూడా రాయలేదు. పేజీ నిండా బటర్‌ఫ్లై బొమ్మే.

మనవాళ్లేనా ఇంత నిదానం అని బాధపడకండి. అమెరికాలో మిచ్ ఐవీ అని ఒకాయన. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ రజతం, 1972 మ్యూనిక్‌లో అదే పోటీలో కాంస్యం. తర్వాత కోచ్. 1993లో ఒక టీవీ చానల్ ఆయన తీరు మీద కథనం వేస్తే ఫ్లోరిడా యూనివర్సిటీ ఉద్యోగం పీకేసింది. అమెరికా ఈత సంఘం ఆయన్ను జీవితకాలం నిషేధించింది మాత్రం 2013లో. లెక్క పెట్టండి, 20 ఏళ్లు. ఒక పాప పుట్టి, ఈత నేర్చి, పోటీలాడి, విరమించి, డిగ్రీ చదువుకునేంత కాలం. ఇక్కడొక చిన్న సంగతి. ఐవీ కాంస్యం నెగ్గిన ఆ మ్యూనిక్‌లోనే 400 మీటర్ల వ్యక్తిగత మెడ్లీలో స్వీడన్ ఈతగాడు గున్నార్ లార్సన్, అమెరికా ఈతగాడు టిమ్ మకీ మీద గెలిచింది సెకనులో వెయ్యో వంతుల్లో రెండు వంతుల తేడాతో. అంత సూక్ష్మంగా కొలవడం అన్యాయమని ఆ తర్వాత వందో వంతుకే ఆపేశారు. సెకనులో వందో వంతును గోడకు తగిలిన వేలి కొసతో కొలవగల సంఘానికి తమ కోచ్ సంగతి కొలవడానికి ఇరవై ఏళ్లు పట్టింది. గడియారం పాడై కాదు. ఆ గడియారం నీళ్లలో ఉన్నవాళ్లకే పనిచేస్తుంది, గట్టు మీద విజిల్ పట్టుకుని నిలబడినవాడికి పనిచేయదు.

ఇదంతా విన్నాక ఎవరైనా పెద్దమనిషి "గురువును అలా అనకూడదు బాబూ" అంటాడు. నాకు తెలుసు, అంటాడు. గురువు గురించి మనకంటే తెలిసినవాళ్లెవరు? 1985 నుంచి ఏటేటా ఉత్తమ కోచ్‌కు కేంద్రం ఇచ్చే అవార్డుకు ద్రోణాచార్యుడి పేరు పెట్టుకున్న జాతి మనది. చేర్చుకోని శిష్యుడి దగ్గర ఫీజు కింద బొటనవేలు పుచ్చుకున్న మహానుభావుడు. ఏ దేశంలోనైనా ఇది క్రమశిక్షణ సంఘం ముందుకు వెళ్లాల్సిన కేసు, మన దగ్గర పురస్కారం. అంతటితో ఆగామా? గిరిజన పిల్లల కోసం కేంద్రం పెట్టిన గురుకులాలకు ఏకలవ్య పేరు పెట్టాం. మహబూబాబాద్ లంబాడ తండా పిల్ల చదివేది ఏకలవ్య బడిలో, ఢిల్లీలో కోచ్ అందుకునేది ద్రోణాచార్య అవార్డు. బొటనవేలు ఎవరిది, కత్తి ఎవరిదని పేర్లలోనే ముందుగా రాసిపెట్టి, మళ్లీ పిల్లల్ని ఆటలకు రమ్మంటాం.

కోచ్‌లందరూ ఇంతేనని నేననడం లేదు. ఐపీఎస్ అధికారి రాజీవ్ త్రివేది 2012లో తానే పాక్ జలసంధి ఈదాడు. ఆయన దగ్గర శిక్షణ తీసుకున్న గోలి శ్యామల, ఒకప్పుడు నీళ్లంటేనే భయపడిన మనిషి, 2021 మార్చిలో 47 ఏళ్ల వయసున శ్రీలంక గట్టు నుంచి ధనుష్కోటి దాకా ఈదుకొచ్చింది. మంచి గురువు దొరికితే ఒక ఆడమనిషి నలభై దాటాక కూడా సముద్రం దాటుతుంది. చెడ్డ గురువు దొరికితే ఏమవుతుందో కేసు కాగితాలు చెబుతాయి. అసలు గురువే దొరక్కపోతే ఏమవుతుందో చెప్పడానికి మేమున్నాం.

మా ఈత పాఠం ఇలా ఉంటుంది. ఎండాకాలం ఒంటిపూట బడి వదిలాక, రాతికట్టు వ్యవసాయ బావి. లోపల పాచి పట్టిన మెట్లు, కొన్ని ఊడిపోయినవి. పిల్లాడి నడుముకు అయిదు లీటర్ల ఖాళీ నూనె డబ్బా కడతారు. తాతల కాలంలో ఎండిన సొరకాయ బుర్ర కట్టేవాళ్లు, కట్టు మాత్రం అదే కట్టు. డబ్బా మూత గట్టిగా బిగించి, మూతి మీద పాలిథిన్ కవరు చుట్టి, పైన సైకిల్ ట్యూబు ముక్క వేసి ముడేస్తారు. నడుముకు ఇంకో తాడు, దాని కొస గట్టు మీద చిన్నాయన చేతిలో. "దుంకురా, ఏంగాదు, నేనున్న గదా." వాడు దుంకడు. ఏడుస్తాడు. చిన్నాయన వెనకనుంచి ఒక్క తోపు తోస్తాడు. ముక్కుల్లోకి, చెవుల్లోకి నీళ్లు, నాలుగు గుటకలు, దగ్గు, తిట్లు. వారం తిరిగేసరికి డబ్బా విప్పేస్తారు. రెండో వారం వాడు ఇంకొకణ్ని తోస్తుంటాడు. ఇంతే సిలబస్. ఫీజు లేదు, సర్టిఫికెట్ లేదు. ఈ చిన్నాయన జీవిత చరిత్రలో పతకమూ లేదు, ఆరోపణా లేదు, తోసినందుకు పిల్లాడి తల్లి పెట్టిన శాపనార్థాలు తప్ప.

ఇప్పుడు ఆ బావులూ పోతున్నాయి. బోర్లొచ్చాక కొన్ని పూడ్చారు, కొన్ని చెత్తకుండీలయ్యాయి. ఇక చెరువు. చెరువులో నీళ్లు కనిపిస్తాయి, అడుగు కనిపించదు. మొరం కోసం, మట్టి కోసం జేసీబీలు తోడిన గుంతలు నీళ్ల కింద నిలువెత్తు నోరు తెరుచుకుని ఉంటాయి. మోకాలి లోతు అనుకుని నడిచే పిల్లాడు రెండో అడుగుకు కనపడడు. ఎవరు తవ్వారు, ఎవరి సంతకంతో తవ్వారు అనే సంగతి ఏ ఎఫ్‌ఐఆర్‌లోనూ రాదు. "ప్రమాదవశాత్తు" అనే మాట ఒకటుంది, మొత్తం దాని కింద పూడ్చేస్తారు.

ఆడపిల్లలకైతే ఆ నూనె డబ్బా భాగ్యం కూడా లేదు. బావిలోకి మగపిల్లలే దిగుతారు. ఆడపిల్ల గట్టు మీద తువ్వాళ్లకు కాపలా. ఏటా బతుకమ్మకు తొమ్మిది రోజులు ఆడి, తలమీద పూలు ఎత్తుకుని, చీకట్లో చెరువు మెట్లు దిగేది ఆడవాళ్లే. జనగామ పట్టణంలో బతుకమ్మ పేరుతోనే ఒక కుంట ఉంది. పూలను నీళ్లలో వదిలి వెనక్కి తిరిగే ఆ వేలమందిలో నాలుగు బారలు ఈదగలిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇంట్లో అడిగి చూడండి: "ఆడివిల్లకు ఈత ఎందుకు?" ఈ ప్రశ్నకు ఇన్నాళ్లు జవాబు వెతుక్కునేవాళ్లం. ఇప్పుడు వాళ్లే మనకు జవాబు చెబుతున్నారు. ఫోన్ తీసి చూపిస్తారు: "గోవాల కోచ్ సంగతి జూసినవా? పిల్లే వీడియో తీసి పెట్టింది." 2019లో గోవాలో మైనర్ బాలిక తన కోచ్ చేష్టలను రికార్డు చేసిన కేసు అది. కోచ్‌ను గోవా ఈత సంఘం తీసేసింది, కేంద్ర మంత్రి ఆగ్రహించాడు, దేశమంతా రెండు రోజులు రగిలింది. మూడో రోజు చల్లారింది. మా తండాలో మాత్రం చల్లారలేదు. ఎప్పుడో ఎక్కడో జరిగిన ఆ ముక్క మా ఇంటి గడప మీద కూర్చుని పిల్లను లోపలికి నెడుతోంది. చేసినవాడు గోవాలో, ఈత మానేసింది మా గూడూరులో.

కోచ్ వారసత్వం గురించి రాసే పండితులు ఈ సంగతి ఎక్కడా లెక్క వేయరు. ఎన్ని పతకాలు, ఎంతమంది ఛాంపియన్లు, ఎన్ని రికార్డులు అని రాస్తారు. ఆయన పేరు చెప్పి నీళ్ల దగ్గరికే పంపని పిల్లలు ఎంతమందని ఎవడు రాశాడు? ఆ పిల్లే రేపు రిజర్వాయర్ గట్టు మీద సెల్ఫీ దిగుతూ జారిన చెల్లెలి కోసం చున్నీ విసిరి, చున్నీ అందక తానే దూకుతుంది. దేశంలో ఏటా 30 వేలకు పైగా మంది నీట మునిగి పోతున్నారని జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్క. ఐక్యరాజ్య సమితి జూలై 25ను మునక నివారణ దినంగా పెట్టింది. మన దగ్గర ఆ రోజు వానాకాలం నడిమధ్యలో పడుతుంది, కాబట్టి అవగాహన సదస్సు పెట్టే తీరిక అధికారులకు ఉండదు, వరదల్లో ఉంటారు.

వరద అంటే గుర్తొచ్చింది. నీళ్ల దగ్గరికి మేం పోకపోయినా నీళ్లే మా దగ్గరికి వస్తున్నాయి, ఇంటింటికీ కొలను పథకం లాగా. 2023 జూలై 27 తెల్లవారుజామున మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరంతా మునిగింది. జనం డాబాల మీదికెక్కి, చెట్ల కొమ్మలు పట్టుకుని గంటలు గడిపారు. హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. కొందరు కొట్టుకుపోయారు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు పొంగింది. పురుషోత్తమాయగూడెం దగ్గర వంతెన మీద కారులో పోతున్న తండ్రిని, వ్యవసాయ శాస్త్రవేత్త అయిన కూతురును లాక్కుపోయింది. అదే రోజు కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. రైలుకే దిక్కులేని నీళ్లలో మనిషెంత? ఈత వచ్చినంత మాత్రాన ఆ ఉధృతిలో బతికేవాళ్లని ఎవడూ చెప్పలేడు. అయితే ఈత రాదని తెలిసిన మనిషి నీళ్లను చూసి ముందు ఊపిరి వదిలేస్తాడు, తర్వాతే కాళ్లు వదిలేస్తాడు.

వివాదాస్పద వారసత్వం మీకు అసలు లేదనడం అన్యాయం అంటారా? ఒకటుంది, ఒప్పుకుంటాను. భూపాలపల్లి జిల్లాలోనే ఉంది, గోదావరి మీద. మేడిగడ్డ బరాజ్. 2019 జూన్ 21న ప్రారంభం, 2023 అక్టోబర్ 21న ఏడో బ్లాకు పిల్లర్ల కుంగుబాటు. నాలుగేళ్ల నాలుగు నెలల కెరీర్. ప్రపంచంలోనే గొప్పదని ఒక జట్టు, లక్ష కోట్లు గోదావరి పాలని ఒక జట్టు. జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ కమిషన్, నివేదిక, అసెంబ్లీలో రభస, అన్నీ ఉన్నాయి. పెద్దల వారసత్వానికి కావాల్సిన హంగులన్నీ దానికి దక్కాయి. ఒకటే లోటు, అది ఈదదు. కుంగుతుంది. 2025 జూన్‌లో ఆ బరాజ్ దాపునే అంబటిపల్లి దగ్గర స్నానానికి దిగిన ఆరుగురు కుర్రాళ్లు గోదావరిలో మునిగిపోయారు. కుంగిన పిల్లర్ల మీద వేల పేజీలు వచ్చాయి. అక్కడ దిగే జనానికి లోతు చెప్పే బోర్డెందుకు లేదని, ఒడ్డున ఒక తాడు, ఒక ట్యూబు ఎందుకు పెట్టరని ఏ కమిషన్‌నూ వేయలేదు. ఆరుగురు పిల్లలకు వారసత్వం ఉండదు, ఎక్స్‌గ్రేషియా ఉంటుంది.

ఇక్కడే మా అసలు ఛాంపియన్లు రంగంలోకి దిగుతారు. పేపర్ చదివేవాళ్లకు వాళ్లు తెలుసు, పేర్లు తెలియవు. "గజ ఈతగాళ్లను రప్పించి గాలింపు చేపట్టారు." ఈ వాక్యం లేకుండా మా జిల్లా పేజీ ఏ ఎండాకాలమూ గడవదు. ఎవరు వీళ్లు? చేపలు పట్టుకుని బతికే ముదిరాజులు, గంగపుత్రులు. ఎస్సై ఫోన్ చేస్తాడు, చేస్తున్న పని వదిలేసి వస్తారు. గోచీ బిగించి, నోట్లో బీడీ పారేసి, కొక్కేలు కట్టిన తాడు భుజాన వేసుకుని దిగుతారు. కంటికి అద్దం లేదు, వీపుకు సిలిండర్ లేదు. బురదలో చేతులతో తడుముతారు. గట్టు మీద తల్లి అరుపు వినపడుతుంటుంది కాబట్టి ఎక్కువసేపు నీళ్ల కిందే ఉండడానికి ఇష్టపడతారని వాళ్లలో ఒక పెద్దాయన నాతో అన్నాడు. దొరికాక పైకి తెచ్చి ఇసుక మీద పడుకోబెట్టి, మొహం పక్కకు తిప్పి, మీద తువ్వాలు కప్పి పక్కకు జరుగుతారు. ఫొటోలో ఎమ్మార్వో ఉంటాడు, సీఐ ఉంటాడు, పరామర్శకు వచ్చిన నాయకుడు ఉంటాడు. వీళ్లు ఉండరు. చేతిలో ఎవరో ఎంతో కొంత పెడతారు. ఒక్కోసారి అదీ మరిచిపోతారు.

గజ అనే మాట వచ్చింది కాబట్టి మా బమ్మెర సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. పోతన పుట్టింది మా జనగామ జిల్లా పాలకుర్తి పక్కనున్న ఆ బమ్మెరలోనే అని మేం గొంతు చించుకుని చెప్పుకుంటాం. ఆయన రాసిన గజేంద్ర మోక్షం గుర్తుందా? మడుగులో మొసలి పట్టిన ఏనుగు మొర పెట్టుకుంటే వైకుంఠంలో విష్ణువు ఉన్నపళంగా లేచి, ఇంట్లో ఒక్క మాట చెప్పకుండా, ఆయుధాలు కూడా అందుకోకుండా పరుగెత్తుకొచ్చాడు. ఫైలు కదలలేదు, అనుమతి అడగలేదు, జిల్లా సరిహద్దు ఎవరిదని తేల్చుకోలేదు. మునిగే ప్రాణి మునగకముందే రావాలన్న తెలివి దేవుడికి ఉంది. ఆ పద్యాలను బట్టీ పట్టిన మన అధికార గణానికి ఆ ఒక్క సంగతి తప్ప అన్నీ ఒంటబట్టాయి, ముఖ్యంగా వైకుంఠంలో కొలువుదీరే పద్ధతి.

ఆటల పేరు చెప్పి ఊరూరికి ఏమీ ఇవ్వలేదని కూడా అనలేం. 2022 జూన్ 2న రాష్ట్ర అవతరణ దినాన తెలంగాణ క్రీడా ప్రాంగణాలు మొదలయ్యాయి. ఊరికో ప్రాంగణం. ప్రాంగణానికో పెద్ద కమాను బోర్డు. చాలా చోట్ల బోర్డు దగ్గరే పథకం పూర్తయింది. గుట్ట పక్కన ఒకటి, శ్మశానం పక్కన ఒకటి, తుమ్మ చెట్ల మధ్య ఒకటి. వాలీబాల్ కర్రలకు బర్రెలను కట్టేసిన ఊళ్లున్నాయి. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ అని రాసిన ఆ జాబితాలో ఈత లేదు. పల్లెలో ప్రాణం నిలబెట్టే ఆట అదొక్కటే కాబట్టి దానికి చోటు దొరక్కపోవడం సహజమే.

మరి కోచ్ పోస్టు నిజంగానే మంజూరైందనుకుందాం. ఊహకు బడ్జెట్ అక్కర్లేదు గదా. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ బోర్డు. బోర్డులో మధ్య కుర్చీలో ఒక మాజీ పతక విజేత, ఆయన మీద ఏదో విచారణ నడుస్తోందని బయట గుసగుస, అయినా పతకం పతకమే. మా చెరువుగట్టు గజ ఈతగాడొకడు లుంగీ మార్చి ప్యాంటు వేసుకుని, చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చాడు.

"నేషనల్ ఆడినవా?"

"లేదు సార్."

"పటియాల డిప్లొమా ఉన్నదా?"

"ఏడో తరగతి సార్. ఫేలు."

"బటర్‌ఫ్లై, బ్యాక్‌స్ట్రోక్, ఏ స్ట్రోక్ నీది?"

"బురదల కండ్లు మూసుకొని ఈదుతం సార్. దాని పేరు తెల్వదు."

"అనుభవం?"

"ఇరవై ఏండ్ల సంది తీస్తున్న సార్. లెక్క పెట్టుకోలె."

బోర్డులో ఒకాయనకు ఆసక్తి పుట్టింది. "అంటే ప్రాణాలు కాపాడినవన్నట్టు?"

"లేదు సార్. నన్ను పిలిచేది అయిపోయినంకనే. ముందుగాల పిలిస్తే పిల్లలకు నేర్పుత అని చాన సార్లు చెప్పిన. ఆడివిల్లలకైతే మా ఆడామె నేర్పుతది, ఆమె నాకన్న లోతుకు పోతది."

మధ్య కుర్చీ పెద్దమనిషి అప్లికేషన్ మూసి పక్కన పెట్టాడు. "అర్హతల కాలమ్ మొత్తం ఖాళీ ఉన్నది గదయ్యా. సరే, నీ ఫోన్ నంబరైతే బయట క్లర్క్ దగ్గర రాసిచ్చి పో. పనిబడితే పిలుస్తం."